మ్యూజియానికి మనుషులను తయారుచేసిన యజ్దానీ

నాంపల్లి, అబిడ్స్ ప్రాంతంలో చదువుకున్న మనలో పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియం చూడనివారు అరుదు. ఈజిప్టు మమ్మీని చూడాలని ఒకరినొకరు తోసుకున్నవాళ్లమే. ఆ మ్యూజియం వెనుక ఉన్న గులాం యజ్దానీ గారి పేరు విన్నవారికి కూడా ఆయన కృషి పూర్తిగా తెలియదు.

యజ్దానీ 1885లో ఢిల్లీలో పుట్టారు. అరబ్బీ, ఫార్సీ పండితులు. కొంతకాలం కళాశాలలో పాఠాలు చెప్పారు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పి ఆయనకు అప్పగించింది. మ్యూజియం నిర్వహణ నేర్పే చదువు అప్పటికి మన దేశంలో లేదు. బరోడా విశ్వవిద్యాలయంలో అది మొదలైంది 1952లో. అందుకే తనకు కావలసిన మనుషులను ఆయన పనిలోనే తీర్చిదిద్దుకోవలసి వచ్చింది.

తొలి పరీక్ష అజంతా. ఆ గుహలు అప్పట్లో నిజాం రాజ్యంలోనివే. గోడల మీది చిత్రాలు పెచ్చులూడుతున్నాయి. అంతకుముందు నకళ్లు తీసినవారు పూసిన వార్నిష్‌తో రంగులు నల్లబడ్డాయి. 1920లో ఇటలీ నుంచి చెక్కోని, ఓర్సీనీ అనే నిపుణులను రప్పించి, ఊడిపోతున్న పొరలను గోడకు అతికించే పని చేయించారు. గుహల సంరక్షణ మన హైదరాబాద్ చిత్రకారుడు సయ్యద్ అహ్మద్ చేతికి వచ్చింది.

1930లో బాగే ఆమ్‌లో హైదరాబాద్ మ్యూజియం వెలసింది. తవ్వకంలో ఒక పూస దొరికినా, అది ఏ చోట, ఏ లోతులో దొరికిందో రాసి ఉంచితేనే దానికి విలువ. ఆ క్రమశిక్షణ కొండాపూర్ తవ్వకాలకు అక్కరకు వచ్చింది. అక్కడి శాతవాహన నాణేలు, మట్టిబొమ్మలు మ్యూజియానికి చేరాయి. ఆయన దగ్గర పనిచేసిన ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ తరువాత అదే శాఖకు డైరెక్టర్ అయ్యారు.

యజ్దానీ 1943లో పదవీ విరమణ చేశారు. 1959లో పద్మభూషణ్ అందుకుని, 1962లో కన్నుమూశారు.

ఇటలీ నిపుణులు వాడిన లక్క పూత కూడా కాలక్రమంలో పసుపు రంగుకు తిరిగింది. దాన్ని తొలగించే పని తరువాతి తరం రసాయన నిపుణుల మీద పడింది. ఈ వృత్తిలో చదువు ఒక తరంతో ముగియదు. భవనం డబ్బుతో లేస్తుంది, దాన్ని చూసుకునే మనిషి తయారవడానికి ఏళ్లు పడుతుంది. చరిత్ర, రసాయన శాస్త్రం, చిత్రలేఖనం మూడూ ఇష్టపడే పిల్లలు మన ఇళ్లలో ఉంటే, ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉందని వారికి చెబుదాం.