దారి వెడల్పు చేసిన మనిషి: ఆంద్రే షాప్లాన్

ఆవిరి ఇంజన్ అనగానే మనకు హైస్కూలు పాఠాల్లో చదివిన జేమ్స్ వాట్, జార్జి స్టీఫెన్‌సన్ గుర్తుకు వస్తారు. ఒకరు ఆవిరి యంత్రాన్ని మెరుగుపరిచారు. ఇంకొకరు దాన్ని పట్టాలమీద పరుగెత్తించారు. రైలింజన్ పుట్టి వందేళ్లు దాటాక, ఇక దీని నుంచి కొత్తగా రాబట్టేదేమీ లేదని పెద్ద పెద్ద ఇంజనీర్లే అనుకుంటున్న రోజుల్లో, పాత ఇంజన్‌తోనే దాదాపు రెండింతల పని చేయించి చూపిన వ్యక్తి ఒకరున్నారు. ఆయనే ఫ్రాన్సు దేశానికి చెందిన ఆంద్రే షాప్లాన్. రైలింజన్ల సంగతి తెలిసినవారు ప్రపంచమంతటా గౌరవంగా తలుచుకునే ఈ పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని హాస్టల్ మిత్రులకు పరిచయం చేయాలనిపించింది.

షాప్లాన్ 1892 అక్టోబరు 26న ఫ్రాన్సులోని లువార్ ప్రాంతంలో సెయింట్ పాల్ ఆన్ కార్నియాన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. మొదటి ప్రపంచ యుద్ధం ఆయన చదువుకు అడ్డు వచ్చింది. సైన్యంలో పనిచేసి వచ్చి, 1921లో పారిస్‌లోని ఎకోల్ సెంత్రాల్‌లో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకునేసరికి ఆయనకు దాదాపు ఇరవై తొమ్మిదేళ్లు. తోటివారి కంటే వెనుకబడ్డానని ఆయన కుంగిపోలేదు.

మొదట పి.ఎల్.ఎం. రైల్వే కంపెనీలో శిక్షణ ఉద్యోగిగా చేరారు. అక్కడ ఎదిగే అవకాశం కనబడలేదు. ఆ ఉద్యోగం వదిలి ఒక టెలిఫోన్ పరికరాల కంపెనీలో చేరారు. అక్కడ 1924లో అసిస్టెంటు మేనేజరు కూడా అయ్యారు. జీవితం కుదుటపడిందని ఎవరైనా అక్కడే ఉండిపోతారు. కానీ ఆయన మనసంతా రైలింజన్ల మీదే ఉంది. 1925లో పారిస్-ఓర్లేయాన్ రైల్వేలో పరిశోధన విభాగంలో చేరారు. అక్కడి నుంచే ఆయన అసలు కథ మొదలైంది.

ఆ రోజుల్లో ఇంజన్‌కు బలం చాలకపోతే ఇంకా పెద్ద ఇంజన్ కట్టడమే మార్గమని చాలామంది భావించేవారు. షాప్లాన్ వేరే ప్రశ్న వేసుకున్నారు. బాయిలర్‌లో పుట్టిన ఆవిరిలో ఎంత భాగం నిజంగా పనికి వస్తోంది? మిగతాది ఎక్కడ పోతోంది? లెక్క కట్టి చూస్తే అసలు లోపం ఆవిరి నడిచే దారిలో ఉందని తేలింది. గొట్టాలు ఇరుకు, మలుపులు ఎక్కువ. ఆవిరి సిలిండర్‌కు చేరేలోపే దాని పీడనం తగ్గిపోతోంది. పిస్టన్‌ను నెట్టిన తరువాత బయటకు పోయే దారి కూడా ఇరుకే. చెరువు నిండా నీళ్లున్నా తూము ఇరుకై, కాలువ పూడిపోతే చివరి మడికి నీరందదు. అప్పుడు చెరువు చిన్నదని అనుకుంటే పొరపాటు కదా!

ఆయన మొదట బయటకు పోయే దారిని చూశారు. రైలింజన్‌లో వాడేసిన ఆవిరి పొగగొట్టం గుండా పైకి పోతూ, పొయ్యిలోని పొగను కూడా తనతో లాక్కుపోతుంది. దానివల్లే నిప్పుకు గాలి అందుతుంది. ఆవిరి వదిలే మూతిని ఇరుకు చేస్తే లాగుడు పెరుగుతుంది కానీ, పిస్టన్ మీద వెనుక నుంచి ఒత్తిడి పడి శక్తి వృథా అవుతుంది. ఫిన్లాండ్ ఇంజనీరు క్యులాలా ఆవిరిని పాయలుగా చీల్చే ఒక సాధనం కనిపెట్టి ఉన్నారు. షాప్లాన్ దాన్ని 1926లో మరింత మెరుగుపరిచారు. ఆవిరి, పొగ అంచెలంచెలుగా కలిసేటట్లు చేశారు. తక్కువ ఒత్తిడితోనే మంచి లాగుడు వచ్చింది. ఆ సాధనానికి 'కిల్‌షాప్' అని పేరు వచ్చింది. అందులో ముందున్నది క్యులాలా పేరు, తరువాతదే షాప్లాన్ పేరు.

1929లో ఆయన చేతికి 3566 నంబరు ఇంజన్ వచ్చింది. అది ఎంత మొండిదంటే దానికి 'కలరా' అని ముద్దుపేరు! షాప్లాన్ దాని ఆవిరి దారులను వెడల్పు చేశారు. ఆవిరిని దాదాపు 400 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేసే ఏర్పాటు చేశారు. బాయిలర్‌కు వెళ్లే నీటిని ముందే వేడిచేయించారు. పొగగొట్టం దగ్గర కిల్‌షాప్ అమర్చారు. ఇంతకుముందు సుమారు 1,850 హార్స్ పవర్ ఇచ్చిన ఇంజన్ 3,000 దాకా ఇచ్చింది. బొగ్గు ఖర్చు కూడా తగ్గింది. పనికిరాదన్న 'కలరా'ను చూసి, అదే రకం ఇంజన్లను మరికొన్నింటిని కూడా ఆ పద్ధతిలో మార్చారు. నార్ రైల్వే కంపెనీ కూడా అలాంటివి కొనుక్కుంది. 1932లో మరో పాత ఇంజన్‌ను ఎనిమిది చోదక చక్రాల ఇంజన్‌గా మార్చితే అది 4,000 హార్స్ పవర్ వరకు ఇచ్చింది. 1934లో ప్రభుత్వం ఆయనను లెజియన్ ఆఫ్ ఆనర్‌తో సత్కరించింది. తాను నేర్చినదంతా 1938లో ఒక పెద్ద గ్రంథంగా ప్రచురించారు.

ఆయన విద్య దేశాలు దాటింది. 1938 జూలై 3న ఇంగ్లండులో గంటకు 126 మైళ్లు, అంటే సుమారు 203 కిలోమీటర్ల వేగంతో ఆవిరి ఇంజన్ల రికార్డు నెలకొల్పిన 'మల్లార్డ్'కు ఉన్నది జంట కిల్‌షాపే. స్పెయిన్‌లో మన బ్రాడ్‌గేజ్‌కు దాదాపు సమానమైన వెడల్పు పట్టాలున్నాయి. ఆ దేశపు రైల్వే సంస్థ రెన్ఫే 1955-56లో బార్సిలోనా కర్మాగారంలో 10 ఎక్స్‌ప్రెస్ ఇంజన్లు చేయించింది. చోదక చక్రం ఎత్తు 1.90 మీటర్లు, ఇంధనం నూనె, రంగు ఆకుపచ్చ. 'కాన్ఫెడరాసియోన్' అని పిలిచే ఈ ఇంజన్లు ఆవిలా నుంచి ఉత్తరానికి బరువైన ఎక్స్‌ప్రెస్‌లను లాగాయి. స్పెయిన్ ఎక్స్‌ప్రెస్ ఆవిరి ఇంజన్లలో ఇవే చివరి గొప్పవి. వాటి పొగగొట్టాల్లో కూడా కిల్‌షాప్‌నే అమర్చారు.

అయితే సొంత దేశంలో ఆయనకు పూర్తి న్యాయం జరగలేదు. విఫలమై మూలపడిన ఒక ఇంజన్‌ను తీసుకొని, యుద్ధకాలపు కష్టాల మధ్య తిరిగి నిర్మించి, 1946లో 242ఎ1 అనే పేరుతో బయటకు తెచ్చారు. అది సిలిండర్లలో దాదాపు 5,500 హార్స్ పవర్ ఇచ్చింది. ఐరోపాలో అంత శక్తిగల ఆవిరి ఇంజన్ అంతకుముందు లేదు. కానీ అప్పటికే ఫ్రాన్సు రైల్వే కరెంటు ఇంజన్ల వైపు తిరిగింది. 242ఎ1కు తోబుట్టువులు పుట్టలేదు. షాప్లాన్ 1953లో పదవీ విరమణ చేశారు. 1960లో ఆ ఇంజన్‌ను తుక్కు కింద విరగ్గొట్టారు. తాను చేసిన గొప్ప పని ఇనుప ముక్కలైపోవడం ఆయన బతికుండగానే జరిగింది. 1978 జూలై 22న ఆయన కన్నుమూశారు. కానీ విద్యను ఎవరూ తుక్కు చేయలేరు. అర్జెంటీనా ఇంజనీరు పోర్తా ఆయన పద్ధతినే పట్టుకొని జీవితమంతా ఆవిరి ఇంజన్లను మెరుగుపరిచారు.

మిత్రులారా! ఈ జీవితం చదువుతున్నప్పుడు నాకు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం గుర్తుకొచ్చింది. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిషు పాఠాలు అర్థంకాక యూనిట్ టెస్టులో తప్పినప్పుడు, మా ఇంట్లో ఎవరికీ రాని చదువు నాకెలా వస్తుందని ట్రంకు పెట్టె సర్దుకున్నాను. హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న ఆ పెట్టె దింపించి, రోజూ రాత్రి స్టడీ అవర్ తరువాత గంటసేపు డిక్షనరీ పట్టుకొని నాతో కూర్చున్నాడు. నా బుర్ర అప్పటిదే, ఇప్పటిదీ అదే. ఆయన చేసిందల్లా దారి కొంచెం వెడల్పు చేయడమే. అలా నేను పీజీ దాకా వచ్చాను.

మన గదుల్లో ఇప్పుడు కూడా వెనుక బెంచీ 'కలరా'లు ఉంటారు. వాళ్లు పనికిరారని తేల్చేముందు, ఎక్కడ ఇరుకుందో ఒక్కసారి చూద్దాం. చదువుకొని బయటకు వెళ్లిన మనమైతే వారానికి ఒక గంట వచ్చి వాళ్ల పక్కన కూర్చుందాం. షాప్లాన్ గారికి మనం ఇవ్వగల గౌరవం అదే.