బిషప్ అజరయ్య గారు: క్రైస్తవుని ఓటు, మనస్సాక్షి

మన కొత్తగూడెం రైలు మార్గము డోర్నకల్ జంక్షన్ దగ్గర ప్రధాన మార్గము నుండి విడిపోతుంది. ఆ ఊరిలోని ఎపిఫనీ కథీడ్రల్‌ను మన సంఘస్థులు చాలామంది చూచియున్నారు. దానిని కట్టించిన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి సువార్త సేవను గురించి తరచు వింటాము. ఓటు విషయములో ఆయన చూపిన వివేకమును గురించి వినడం తక్కువ.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలో ఒక గ్రామ గురువు ఇంట జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేశారు. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించినవారిలో ముఖ్యులు. ఇతరులను పంపితే చాలుననుకోక, 1909లో తామే నైజాం రాజ్యములోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకొన్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవిని పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

ఆయన కాలములో మాల, మాదిగ పల్లెల నుండి వేలాది కుటుంబాలు క్రీస్తును అంగీకరించాయి. పెరుగుతున్న ఆ సంఖ్యను చూచి, ఇదంతా రాజకీయ బలము కొరకేనని అనుమానించినవారు ఉన్నారు. సరిగ్గా ఆ దినములలో, 1932 ఆగస్టులో, బ్రిటిష్ ప్రభుత్వము కమ్యూనల్ అవార్డును ప్రకటించింది. దాని ప్రకారము భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఏర్పడతాయి. క్రైస్తవులు క్రైస్తవ అభ్యర్థులకే ఓటు వేయాలి.

ఈ విషయములో క్రైస్తవ నాయకులకే ఏకాభిప్రాయము లేదు. రౌండ్ టేబుల్ సమావేశాలకు వెళ్లిన రోమన్ కథోలిక నాయకులు ఎ.టి. పన్నీర్‌సెల్వం గారు ప్రత్యేక నియోజకవర్గములు కావాలన్నారు. ఎస్.కె. దత్తా గారు వద్దన్నారు. కావాలన్నవారి వాదము తేలికైనది కాదు. చిన్న సంఘము, పేద ప్రజలు; తమవారు శాసనసభలో లేకపోతే వారి మొర ఎవరు వింటారు?

అయినను అజరయ్య గారు ఆ అవార్డును గట్టిగా వ్యతిరేకించారు. లభించే స్థానముల కంటె సంఘ స్వభావము ఆయనకు ముఖ్యము. అన్ని కులముల వారిని క్రీస్తులో ఒకటి చేయవలసిన సంఘము, ఓట్ల కొరకు కంచె వేసుకొన్న మరొక కులముగా మారిపోతుందని ఆయన భయము. బాప్తిస్మము పొందిన ప్రతి మనిషిని లోకము ఒక ఓటుగా లెక్కించినప్పుడు సువార్తను ఎవరు నమ్ముతారు? అయితే ఆయన మాట నెగ్గలేదు. 1935 చట్టములో ప్రత్యేక నియోజకవర్గములు నిలిచాయి. 1937లో మద్రాసు రాజధానిలో ఎన్నికలు అలాగే జరిగాయి. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించారు. తరువాత స్వతంత్ర భారత రాజ్యాంగము ప్రత్యేక నియోజకవర్గములను తొలగించి, వయోజనులందరికీ సమానమైన ఓటు ఇచ్చింది.

ఆ ఓటును మనమెలా వాడుతున్నాము? గర్భస్రావము సంగతి చూడండి. 1971లో పార్లమెంటు దానిని కొన్ని షరతులతో అనుమతిస్తూ చట్టము చేసింది. 2021లో సవరించి, కొన్ని వర్గముల స్త్రీలకు గడువును 20 నుండి 24 వారములకు పెంచింది. ఈ చట్టముల మీద మనము నేరుగా ఓటు వేయము. వేసేవారిని మనము ఎన్నుకొంటాము. రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన ఒకే పత్రములో గర్భస్రావమును ఖండించింది, మనస్సాక్షి ఘనతనూ బోధించింది. ఈ రెండును కలిపి మోయడమే కథోలిక సహోదరుల భారము. అది మన భారము కూడా.

గర్భములోని శిశువు దేవుని దానమని గురువు ప్రసంగ వేదిక మీద స్పష్టముగా బోధించాలి. ఫలానా గుర్తుకు ఓటు వేయండని చెప్పే అధికారము మాత్రము అతనికి లేదు. అలా చెప్పిననాడు అజరయ్య గారు వద్దన్న కంచెను మనమే కట్టినవారమవుతాము. విశ్వాసి తన వంతుగా అభ్యర్థి జీవమును గురించి ఏమంటున్నాడో, పేద తల్లికి, పుట్టిన బిడ్డకు ఏమి చేస్తాడో, అతని చేతులు శుభ్రమైనవో కావో ప్రార్థనతో తూచాలి. మనస్సాక్షి అంటే మన ఇష్టము కాదు. అది వాక్యముచేత దిద్దబడాలి. నోటుకు, సారా సీసాకు, కులము మాటకు ఓటు ఇచ్చినవాడు తరువాత మనస్సాక్షి పేరు చెప్పుకోలేడు.

సింగరేణి కార్మికులు 1998 నుండి గుర్తింపు సంఘమును రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకొంటున్నారు. తెర వెనుక ఒంటరిగా నిలిచి నిర్ణయించడం మన ఇండ్లకు కొత్త కాదు. అక్కడ గురువు ఉండడు, నాయకుడు ఉండడు. దేవుడు ఉంటాడు. ఓటు ముగిసిన మరునాడు, కడుపులోని బిడ్డను ఎలా సాకాలో తెలియక ఏడ్చే తల్లి మన వీధిలోనే ఉంటుంది. ఆమె తలుపు తట్టడానికి ఏ చట్టము రానక్కరలేదు.