రేనాటి చంద్రుడు బుడ్డా వెంగళరెడ్డి



మన సంఘం సంచిక కదా, మనవాళ్ళ గురించే రాయాలని మొదట అనుకున్నాను. కానీ మన అడవి పక్కనే పుట్టి, ఆకలిని ఆకలిగానే చూసిన ఒక పెద్దమనిషి కథ మీకు తెలియాలనిపించింది. ఆయన పేరు బుడ్డా వెంగళరెడ్డి. అహోబిలం కొండ దిగి, ఆళ్ళగడ్డ దాటి పడమటికి పోతే రేగడి నేలలు వస్తాయి. ఆ ప్రాంతాన్ని రేనాడు అంటారు. అక్కడి ఉయ్యాలవాడ ఆయన ఊరు.

ఉయ్యాలవాడ అనగానే మీకు నరసింహారెడ్డి గుర్తొస్తారు. 1846లో కుంఫిణీ ప్రభుత్వం మీద తిరగబడి, 1847లో కోవెలకుంట్లలో ఉరికంబం ఎక్కిన వీరుడు ఆయన. ఆ పోరాటంలో బోయలు, చెంచులు కూడా ఆయన వెంట నడిచారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు అదే ఊరి పేరు మరో కారణంతో మోగింది. అందుకే మన సీమ జనం ఇద్దరినీ కలిపి రేనాటి సూర్యచంద్రులు అంటారు. సూర్యుడు నరసింహారెడ్డి, చంద్రుడు వెంగళరెడ్డి.

1866లో పెద్ద కరువు వచ్చింది. ఒరిస్సా నుంచి గంజాం మీదుగా బళ్ళారి, కర్నూలు దాకా జనం తిండికి అల్లాడారు. ఒక్క ఒరిస్సాలోనే దాదాపు పది లక్షల మంది చనిపోయారు. మన సీమలో జొన్న, కొర్ర పండాలంటే వానే దిక్కు. వాన తప్పితే ముందు కూలి పనులు ఆగిపోతాయి. తర్వాత గింజల ధర పెరుగుతుంది. గొడ్లను అమ్ముకుంటారు. చివరకు పిల్లలను చంకనేసుకుని ఎక్కడ తిండి దొరుకుతుందంటే అక్కడికి బయలుదేరతారు. కరువు వస్తే ప్రభుత్వం ఏమేం చేయాలో చెప్పే నిబంధనలు అప్పటికి లేవు. అవి 1880ల్లో గానీ రాలేదు. కాబట్టి పేదవాడి ప్రాణం గింజలున్నవాడి చేతిలో ఉండేది.

వెంగళరెడ్డి గారికి భూములున్నాయి, ధాన్యం ఉంది. కరువులో గింజ బంగారంతో సమానం. అమ్ముకుని ఉంటే ఆస్తి ఎన్నో రెట్లు పెరిగేది. ఆయన ఆ ధాన్యాన్ని వండించి, ఆకలితో వచ్చినవాళ్ళకు పెట్టించారు. ఒకరోజు పండగలా పెట్టి ఆపలేదు, నెలల తరబడి పెట్టారు. తిన్నవాళ్ళు దారిలో కనబడినవాళ్ళకు చెప్పారు. వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. అలా వేలమంది ఉయ్యాలవాడ దారి పట్టారు.

ఒక గరిటె తిండి ఎంతని? దాని విలువ లెక్కకు కూడా రాదు. కానీ ఆ గరిటెతో ఒక తల్లి ఆ రోజు బతికింది. తల్లి బతికితే బిడ్డ బతికింది. వానలు పడ్డాక పొలంలో దిగడానికి చేతులు మిగిలాయి. ఆ బిడ్డల మనవళ్ళూ మనవరాళ్ళూ ఇవాళ మన చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉండి ఉంటారు. తాము ఎవరి అన్నం వల్ల ఈ భూమ్మీద ఉన్నారో వాళ్ళకు తెలియకపోవచ్చు.

ఆయన చేసిన మంచి ఇంగ్లండు దాకా తెలిసింది. విక్టోరియా మహారాణి ఆయనకు బంగారు పతకం పంపి గౌరవించింది. అయితే అంతకంటే పెద్ద గౌరవం ఆయన అన్నం తిన్న జనమే చేశారు. చదువూ ఆస్తీ లేని జనం ఆయన మీద పాట కట్టారు. ఆ పాట నోటి నుంచి నోటికి, ఊరి నుంచి ఊరికి నడిచింది. తర్వాతి కాలంలో తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఆ ఇద్దరు వీరుల పాటలను సేకరించి, పరిశోధించి రేనాటి సూర్యచంద్రులు అనే పుస్తకం తెచ్చారు. వెంగళరెడ్డి గారు 1900లో కన్నుమూశారు. పాట మాత్రం ఆగలేదు.

ఇక్కడ ఒక నిజం కూడా చెప్పుకోవాలి. ఒక్క మనిషి దయ కరువును ఆపలేదు. పదేళ్ళకే, 1876లో అంతకంటే ఘోరమైన ధాత కరువు వచ్చింది. 1871, 1881 జనాభా లెక్కలు చూస్తే కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. అందుకే తిండి ఒకరి దయ మీద ఆధారపడకూడదు. ఇవాళ మీకు అందే రేషన్ బియ్యం, అంగన్‌వాడీ గుడ్డు, హాస్టల్ అన్నం ఎవరూ దయతో వేసే భిక్ష కాదు. అవి మీ హక్కు. తల ఎత్తుకుని తినండి. తగ్గితే అడగండి.

మరి హక్కు ఉన్నప్పుడు దయతో పనేమిటి? హాస్టల్లో నేను రోజూ చూస్తుంటాను. గూడెం నుంచి కొత్తగా వచ్చిన ఆరో తరగతి పాప రాత్రి ఇంటి మీద బెంగతో ఏడుస్తుంది. ప్రభుత్వం మంచం ఇస్తుంది, దుప్పటి ఇస్తుంది. పక్కన కూర్చుని జడ వేసి, కథ చెప్పి నిద్రపుచ్చేది తొమ్మిదో తరగతి అక్క. మరుసటి ఏడు చూస్తే, నిరుడు ఏడ్చిన పాపే కొత్తగా వచ్చిన చెల్లెలి పక్కన కూర్చుని ఉంటుంది. ఆ పని చేయమని నేను ఎవరికీ చెప్పలేదు. దానికి ఏ జీవో రాలేదు.

నిజానికి ఇది మనకు కొత్త కాదు. వేటలో దొరికింది గూడెమంతా పంచుకు తినడం చెంచుల పాత పద్ధతి. దానికి మన తాతలకు ఎవరూ పతకం ఇవ్వలేదు. దాన్ని దానమని కూడా వాళ్ళు అనుకోలేదు. అహోబిలం నరసింహస్వామి మన ఆడపడుచు చెంచులక్ష్మిని పెళ్ళాడాడని చెప్పుకుంటాం. ఏటా కనుమ నాడు పారువేట మొదలై, స్వామి పల్లకి కొండ దిగి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతుంది. దేవుడే గడప గడపకు వెళ్ళి పెళ్ళికి పిలిచే సీమ మనది. మనం ఒకరి గడపకు ఇంకొకరం వెళ్ళకపోతే ఎలా?

మీలో కొందరు డిగ్రీ చదువుతున్నారు, కొందరు ఉద్యోగాల్లో చేరారు. గూడెంలో మొదటిసారి ఫోన్‌లో దరఖాస్తు నింపడం తెలిసింది మీకే. సెలవులకు వచ్చినప్పుడు ఒక పిల్లకు కుల ధ్రువపత్రం, స్కాలర్‌షిప్ కాగితాలు చేసి పెట్టండి. ఒక అవ్వ వెంట ఆసుపత్రి దాకా వెళ్ళి, డాక్టరు చెప్పింది ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి. అరగంట పని. ఆ పిల్ల చదువుకుంటే రేపు ఇంకో పదిమందికి కాగితాలు నింపుతుంది.

వెంగళరెడ్డి గారి దగ్గర గింజలున్నాయి, వాటిని పంచారు. మీ దగ్గర చదువు ఉంది.