విప్పేసినా మళ్లీ ముడుచుకుంది!

బయోటెక్ కంపెనీలో డౌన్‌స్ట్రీమ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? రీఫోల్డింగ్ గురించి అడిగే అవకాశం ఎక్కువ. దాని వెనకున్న మనిషి క్రిస్టియన్ అన్ఫిన్సెన్.

1916లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టాడు. అమ్మానాన్నలు నార్వే నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడాడు. 1939లో ఫెలోషిప్‌తో కోపెన్‌హాగెన్ వెళ్తే, యుద్ధం వల్ల మరుసటి ఏడాదే వెనక్కి రావాల్సొచ్చింది. 1943లో హార్వర్డ్ పీహెచ్‌డీ, 1950లో ఎన్‌ఐహెచ్‌లో ఉద్యోగం.

అక్కడ రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్ పట్టుకున్నాడు. 124 అమైనో ఆమ్లాల గొలుసు, దాన్ని బిగించి ఉంచే 4 డైసల్ఫైడ్ బంధాలు. 8 మోలార్ యూరియా, మెర్కాప్టోఇథనాల్ కలిపితే గొలుసు పూర్తిగా విడిపోయి, ఎంజైమ్ పనిచేయడం మానేసింది. ఆ రెండింటినీ తీసేసి గాలి తగలనిచ్చారు. దాదాపు మొత్తం శక్తి తిరిగొచ్చింది! బంధాలు కట్టే 8 సిస్టీన్లు 105 రకాలుగా జతకట్టొచ్చు. గొలుసు మాత్రం సరైన జతనే వెతుక్కుంది.

నాకు బాగా నచ్చింది తర్వాతి పరీక్ష. యూరియా ఉండగానే బంధాలు కట్టనిస్తే 1 శాతం పనితనమే మిగిలింది. అంటే మొదటిది గాలివాటం కాదన్నమాట. ఆ చెడిపోయిన సరుకులోంచి యూరియా తీసేసి, కాస్త మెర్కాప్టోఇథనాల్ వేస్తే అదీ బాగుపడింది. ఆకారానికి కావాల్సిన సమాచారమంతా అమైనో ఆమ్లాల వరుసలోనే ఉందని తేలింది. 1972లో కెమిస్ట్రీ నోబెల్‌లో సగం ఆయనకే దక్కింది.

ఇప్పుడు ఈ.కోలై బ్యాక్టీరియాతో మందుల ప్రొటీన్లు చేయిస్తే, చాలాసార్లు అవి కణం లోపలే పనికిరాని ముద్దలుగా పేరుకుంటాయి. వీటినే ఇన్‌క్లూజన్ బాడీస్ అంటారు. కణాలు పగలగొట్టి, ముద్దల్ని సెంట్రిఫ్యూజ్‌లో వేరుచేసి, యూరియాలోనో గ్వానిడిన్‌లోనో కరిగించి, తర్వాత బాగా పలుచన చేస్తారు. చిక్కగా ఉంటే గొలుసులు ఒకదానికొకటి అతుక్కుని మళ్లీ ముద్దే. కీమోథెరపీ పేషెంట్లకిచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ ఇలాగే తయారవుతుంది.

నోబెల్ ఉన్నా కష్టాలు తప్పలేదు. 1981లో ఎన్‌ఐహెచ్ వదిలేసి, ఓ బయోటెక్ సంస్థలో పనిచేద్దామని ఇజ్రాయెల్ వెళ్లాడు. తీరా వెళ్లాక డబ్బు పెట్టేవాళ్లు చేతులెత్తేశారు. అరవై దాటాక ఉద్యోగం లేని మనిషయ్యాడు. 1982లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పిలిచింది. మరిగే నీళ్లంత వేడిలోనూ బతికే సూక్ష్మజీవుల ప్రొటీన్లు ఎందుకు విడిపోవో అక్కడ కొత్తగా మొదలుపెట్టాడు. 1995లో కన్నుమూశాడు.