ప్రాణం పోసే విటమిన్, దాన్ని అడ్డుకునే ఔషధం: ఎల్లాప్రగడ సుబ్బారావు జీవిత పాఠం

ఒక పోషకం ఒక రోగికి ప్రాణం పోస్తే, అదే పోషకం మరొక రోగిలో వ్యాధిని ఉద్ధృతం చేయవచ్చు. ఈ సత్యాన్ని ప్రపంచ వైద్యరంగం గ్రహించడంలో కీలక పాత్ర పోషించిన శాస్త్రవేత్త డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతున్న కాలంలో స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించారు. అది ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం కలిగించడంతో పూర్తి స్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరుణ్ణి బలిగొన్నది. అదే వ్యాధి బారిన పడిన సుబ్బారావు, ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు.

అనంతరం అమెరికా చేరి హార్వర్డ్‌లో పరిశోధనలు సాగించారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియేటిన్, ఏటీపీలపై వారి పరిశోధన జీవరసాయన శాస్త్రంలో చిరస్థాయిగా నిలిచింది. అయినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఆచార్య పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించారు.

ఆకుకూరల్లోనూ కాలేయంలోనూ ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945 నాటికి కృత్రిమంగా తయారు చేసింది. సోదరుణ్ణి కబళించిన స్ప్రూ వ్యాధిలో తలెత్తే రక్తహీనతకు ఆ విటమిన్ ఔషధమైంది. అయితే బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలను ఇచ్చినప్పుడు వ్యాధి మరింత వేగం పుంజుకున్నట్లు గమనించారు. ఈ చేదు అనుభవమే మరో మార్గానికి ద్వారం తెరిచింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూనే దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం సమకూర్చింది. 1948లో ఫార్బర్ వెలువరించిన నివేదిక ప్రకారం 16 మంది చిన్నారులలో 10 మందికి తాత్కాలిక ఉపశమనం లభించింది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్, కీళ్లవాతం చికిత్సలలో వాడుకలో ఉంది.

ఆ ఔషధాన్ని వాడేవారు మిగతా మందుల విషయంలో అప్రమత్తంగా ఉండడం తప్పనిసరి. ట్రైమెథోప్రిమ్ కలిసిన యాంటీబయోటిక్ తోడైతే రక్తకణాల ఉత్పత్తి ప్రమాదకరంగా పడిపోవచ్చు. కొన్ని నొప్పి మాత్రలు శరీరం నుంచి మెథోట్రెక్సేట్ బయటకు వెళ్లడాన్ని మందగింపజేస్తాయి. మద్యం కాలేయంపై భారాన్ని పెంచుతుంది. కీళ్లవాత రోగులకు దుష్ఫలితాలు తగ్గించేందుకు వైద్యులు ఫోలిక్ ఆమ్లం మాత్రలను విడిగా సూచిస్తారు. వాటిని సొంతంగా మొదలుపెట్టడం గానీ మానివేయడం గానీ తగదు.

సుబ్బారావు పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ తరగతిలో తొలి యాంటీబయోటిక్. ఈ తరగతి మందులలో పలు రకాలు పాలు, పెరుగులలోని కాల్షియంతోనూ, ఐరన్ మాత్రలతోనూ, ఆమ్లత్వాన్ని తగ్గించే మందులతోనూ పెనవేసుకుని రక్తంలోకి తగినంతగా చేరవు. రోగి క్రమం తప్పక మాత్ర మింగినా ఫలితం దక్కకపోవచ్చు. అందుకే వాటి మధ్య ఎంత వ్యవధి పాటించాలో వైద్యుణ్ణి గానీ ఫార్మసిస్టును గానీ అడిగి తెలుసుకోవాలి.

బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్‌కార్బమజైన్ కూడా ఆయన బృందం అందించినదే. ఇంతటి కృషి చేసిన సుబ్బారావు మాతృభూమికి తిరిగి రాకుండానే 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను విడుదల చేసింది.

కొత్త చీటీ రాయించుకునే ప్రతిసారీ అప్పటికే వాడుతున్న మాత్రలు, విటమిన్లు, నాటు మందులతో సహా అన్నింటినీ వైద్యుని ముందుంచడం ఆయన జీవితం నుంచి మనం గ్రహించవలసిన పాఠం. మేలు చేసే పదార్థమైనా ఎవరికి, ఎప్పుడు, దేనితో కలిపి ఇస్తున్నామన్నదే దాని ఫలితాన్ని నిర్ణయిస్తుంది.