ఆటనే మందు చేసిన డాక్టరు

మా నల్గొండ, పాలమూరు పల్లెల్లో తాటిచెట్టు మీంచి పడి వెన్ను విరిగిన మనిషిని చూసి, ఇగ ఇతని పని అయిపోయిందని అనేస్తారు. వ్యవసాయ కుటుంబంలో పుట్టిన నేనూ ఆ మాట వింటూనే పెరిగాను. ఆ మాటను అబద్ధం చేసిన మహనీయులు డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్.

ఆయన 1899లో జర్మనీలో జన్మించారు. 1917లో ఆసుపత్రిలో సహాయకుడిగా ఉండగా, వెన్ను విరిగిన ఒక బొగ్గుగని కార్మికుడు ఐదు వారాల్లో చనిపోవడం కళ్ళారా చూశారు. తర్వాత నరాల వైద్యులయ్యారు. యూదుడు కావడంతో నాజీల బాధకు 1939లో భార్యాపిల్లలతో ఇంగ్లండు చేరారు. 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము విభాగం ఆయన చేతికొచ్చింది.

అప్పట్లో ఈ రోగుల ప్రాణం తీసేవి ముఖ్యంగా పడక పుండ్లు, మూత్రంలో చీము. అందుకే రాత్రనక పగలనక రెండేసి గంటలకోసారి రోగిని పక్కకు తిప్పించారు. కోలుకున్నవాళ్ళకు ఏదో ఒక పని నేర్పించారు, ఆటల్లో దింపారు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, 16 మందితో విలువిద్య పోటీ పెట్టారు. 1960లో రోమ్‌లో 23 దేశాలవాళ్ళు, 400 మంది ఆడారు. అవే తొలి పారాలింపిక్స్. 1980లో ఆయన కన్నుమూశారు.

ఆయన బాట ఆగలేదు. వెన్నుపాము దెబ్బతిన్న యువతకు తమ ఒంటినీ బతుకునూ తామే చూసుకోవడం నేర్పేందుకు అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంవాళ్ళు ఎస్‌సీఐ హార్డ్ అనే వీడియో గేము తయారుచేశారు.

మిత్రులారా, మంచం మీది కుర్రాడికి కావలసింది మన జాలి కాదు. చక్రాల కుర్చీ, చేతిలో ఓ ఆట, కాలేజీ మెట్ల పక్కన ఒక ర్యాంపు ఉంటే చాలు, అతను మన క్లాసులోనే ఉంటాడు.