చేపకు నది కావాలన్న లివింగ్‌స్టన్ స్టోన్

వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే సముద్రంలోని చేప నదిలోకి ఎదురీదుతూ వస్తుంది. దాన్నే మనం పులస అంటాం. అమెరికా పడమటి తీరంలో సాల్మన్ చేపదీ ఇలాంటి ప్రయాణమే. నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికే తిరిగి వస్తుంది. గుడ్లు పెట్టాక పసిఫిక్ సాల్మన్ చనిపోతుంది. కాబట్టి దారి మూసుకుపోతే ఆ ఏటి సంతానం పోయినట్టే. ఈ చేప కోసం జీవితాన్ని ధారపోసినవారిలో లివింగ్‌స్టన్ స్టోన్ ముఖ్యులు.

ఆయన 1836లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో జన్మించారు. 1857లో హార్వర్డ్‌లో పట్టా పుచ్చుకుని, చర్చిలో మతబోధకులయ్యారు. ఆరోగ్యం సహకరించక ఆ పని మానుకుని, ఆరుబయట ఉండే పని కావాలని ట్రౌట్ చేపల చెరువులు తవ్వించారు. అలా మొదలైన పనే ఆయన జీవితమైంది.

అప్పటికే అమెరికా తూర్పు తీరంలో ఆనకట్టలు, మిల్లుల వల్ల సాల్మన్ బాగా తగ్గిపోయింది. పడమటి సాల్మన్ గుడ్లు తెచ్చి తూర్పు నదుల్లో పెంచాలని ప్రభుత్వం అనుకుంది. 1872లో స్టోన్‌ను కాలిఫోర్నియాకు పంపింది. ఆయన మెక్‌క్లౌడ్ నది ఒడ్డున హేచరీ పెట్టారు. ఆ నది వింటూ అనే ఆదివాసులది. తమ చేపల్ని పరాయివాళ్ళు పట్టుకుపోతుంటే వాళ్ళు మొదట్లో అడ్డుపడ్డారు. గుడ్లు తీసిన తరువాత చేపల్ని స్టోన్ వాళ్ళకే ఇచ్చేవారు. క్రమంగా వాళ్ళలో చాలామంది ఆ కేంద్రంలోనే పనికి కుదిరారు.

పని ఎలా జరిగేదో చూద్దాం. పక్వానికి వచ్చిన ఆడచేప గుడ్లను గిన్నెలోకి తీసి, వాటిపై మగచేప శుక్రద్రవం కలిపేవారు. తరువాత చల్లని నీరు ఎప్పుడూ పారే తొట్లలో గుడ్లను ఉంచేవారు. ఆ నీటిని నదిలోంచి పెద్ద చక్రంతో తోడేవారు. గుడ్డులో పిల్ల కళ్ళు రెండు నల్లని చుక్కల్లా కనిపించే దశ వస్తే అది ప్రయాణానికి తట్టుకుంటుంది. అప్పుడు తడి నాచులో పేర్చి, మంచు పెట్టి రైలెక్కించేవారు.

1873 జూన్‌లో ఆయన తూర్పు నుంచి బతికున్న చేపల్ని రైలు పెట్టెలో కాలిఫోర్నియాకు తీసుకెళ్తున్నారు. నెబ్రాస్కాలో ఎల్క్‌హార్న్ నదిపై వంతెన కూలి రైలు నీళ్ళలో పడింది. చేపలన్నీ పోయాయి. ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. అయినా వెనక్కి తగ్గలేదు. కొద్ది వారాల్లోనే మరో రకం చేపపిల్లలతో మళ్ళీ బయల్దేరారు.

అంత శ్రమపడి పంపినా తూర్పు నదుల్లో పడమటి సాల్మన్ నిలవలేదు. పైగా 1883లో రైలుమార్గం కోసం శాక్రమెంటో లోయలో కొండల్ని పేల్చడంతో చేపల రాక దెబ్బతింది. మెక్‌క్లౌడ్ కేంద్రంలో కొన్నేళ్ళు గుడ్లు తీసే పని ఆగిపోయింది. తల్లిచేప రాకపోతే హేచరీ తొట్టిలో వేయడానికి గుడ్డెక్కడిది? స్టోన్ ఆలోచన మరో మెట్టు ఎక్కింది. 1892లో ఆయన సాల్మన్‌కంటూ ఒక రక్షిత ప్రాంతం ఉండాలని వాదించారు. అదే ఏడాది డిసెంబరులో అలాస్కాలోని అఫోగ్నాక్ దీవిని అధ్యక్షుడు హారిసన్ అడవులకూ చేపలకూ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. స్టోన్ 1912లో కన్నుమూశారు.

ఆ తరువాత 1938-45 మధ్య శాస్తా డ్యామ్ కట్టారు. స్టోన్ హేచరీ ఉన్న చోటు మునిగిపోయింది. చలికాలంలో నదిలోకి వచ్చే చినూక్ సాల్మన్‌కు పైనున్న చల్లని నీళ్ళు అందకుండాపోయాయి. 1994లో తిరిగి వచ్చినవి 200 లోపే. ఆ ఏడాదే దాన్ని అంతరించే ప్రమాదమున్న చేపగా ప్రకటించారు. 1990ల చివర డ్యామ్ అడుగున ఒక హేచరీ కట్టి దానికి లివింగ్‌స్టన్ స్టోన్ పేరే పెట్టారు.

ఇక్కడి పద్ధతి వేరు. లెక్క పెంచడం ఒక్కటే లక్ష్యం కాదు. పట్టిన ప్రతి చేపకూ జన్యుపరీక్ష చేసి ఆ జాతిదేనని తేల్చుకుంటారు. ఒక్కో తల్లి గుడ్లను పంచి వేరువేరు మగచేపలతో కలుపుతారు. అలా చేస్తే వంశంలో వైవిధ్యం నిలుస్తుంది. పిల్లల రెక్క ఒకటి కత్తిరించి గుర్తుపెట్టి వదులుతారు. 2014, 2015 కరువుల్లో నది నీరు వేడెక్కి గుడ్లు దాదాపుగా నశించినప్పుడు ఈ హేచరీయే ఆ జాతికి ఆసరా అయింది.

2022లో ఆ గుడ్లను విన్నెమెమ్ వింటూ ప్రజల తోడ్పాటుతో మళ్ళీ మెక్‌క్లౌడ్ చల్లని నీటిలో పొదిగించారు. పుట్టిన పిల్లలు మాత్రం డ్యామ్ దాటలేవు. వాటిని పట్టి, వాహనంలో కిందికి చేర్చాల్సి వచ్చింది.

బదిలీల మీద ఎన్నో రాష్ట్రాలు తిరిగిన మేము చాలా నదులు చూశాం, వాటి మీద ఆనకట్టలూ చూశాం. మన గోదావరికి 1852 నుంచి ధవళేశ్వరం ఆనకట్ట ఉంది. అది మనకు అన్నం పెట్టింది, పులసకు దారి తగ్గించింది. ఆనకట్టలు వద్దనలేం. హేచరీ విత్తనాన్ని కాపాడుతుంది. పిల్లలూ, ఆ విత్తనం మొలకెత్తడానికి చల్లని నీరూ, తెరిచిన దారీ మిగిల్చే బాధ్యత మనది. స్టోన్ జీవితం నేర్పేది ఇదే.